పాత డెస్క్‌టాప్‌తో బ్యాకప్ సర్వర్: ఎక్కడ మిగుల్చుకోవాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 చూస్తే ఇంటెల్ ఎనిమిదో తరం కన్నా పాత ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకోదు. దాంతో బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో నిన్నమొన్నటి దాకా శుభ్రంగా పనిచేసిన ఐ5 ఆరో తరం, ఏడో తరం డెల్ ఆప్టిప్లెక్స్‌లు, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్‌లు, లెనోవో థింక్‌సెంటర్లు సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చేస్తున్నాయి. పాత కంప్యూటర్లు దొరికే బెంగళూరు ఎస్‌పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్, రెండూ తిరుపతి, చిత్తూరుల్లో ఉండే మనకు పొద్దున బయల్దేరితే రాత్రికి తిరిగొచ్చే దూరమే. బిల్లింగ్ కౌంటర్ మీద పెట్టడానికి వీటిని కొనమని చెప్పను. డేటా దాచుకునే సర్వర్‌కు మాత్రం ఇంతకన్నా మంచి బేరం కనిపించదు. ఫైళ్లు దాచి అడిగినప్పుడు ఇవ్వడానికి ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కు ఈ ప్రాసెసర్లు అవసరానికి మించే ఉంటాయి.

తిరుపతిలో లాడ్జీ రిసెప్షన్ గానీ, చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ కాటా గది గానీ, ఆడిటర్ ఆఫీసు గానీ, స్కానింగ్ సెంటర్ గానీ, ఎక్కడ చూసినా ఏళ్ల తరబడి లెక్కలు ఒక్క సిస్టమ్‌లో, ఒక్క హార్డ్ డిస్క్ మీద ఉంటాయి. బ్యాకప్ ఉందా అని అడిగితే "డీ డ్రైవ్‌లో రోజూ వేస్తున్నాం సార్" అంటారు. చాలా సిస్టమ్‌లలో సీ, డీ రెండూ ఒకే డిస్క్‌ను రెండుగా పంచిన ముక్కలు. డిస్క్ పోయిన రోజు రెండూ కలిసే పోతాయి. టేబుల్ సొరుగులో పడేసిన పెన్‌డ్రైవ్ అంతకన్నా కాస్త మేలు, అంతే.

చవక మెషిన్ మీద వ్యాపారం డేటా పెట్టొచ్చా అని చాలామంది సందేహం. పెట్టొచ్చు. ఒక్కటే షరతు, ఆ మెషిన్ రేపు పొద్దున ఆన్ కాదు అని ముందే ఒప్పుకొని మిగతా ఏర్పాటు చేసుకోవాలి. లక్షన్నర పెట్టి ఒకే ఒక్క బ్రాండెడ్ సర్వర్ కొని దాని మీదే భారం వేసిన వాడి కన్నా, రెండు పాత డెస్క్‌టాప్‌లు కొని రెండు చోట్ల పెట్టినవాడి డేటా భద్రంగా ఉంటుంది.

మెషిన్ ఎంచుకోవడం

టవర్ మోడలే తీసుకోండి. సన్నటి డబ్బాలుగా వచ్చే స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్ మోడళ్లలో సాధారణంగా పెద్ద హార్డ్ డిస్క్ ఒక్కటే పడుతుంది. మనకు రెండు కావాలి. డబ్బు ఇచ్చే ముందే పక్క తలుపు ఊడదీయించి చూడండి. మూడున్నర అంగుళాల డిస్కులు పెట్టే గూళ్లు రెండు ఉండాలి, మదర్‌బోర్డు మీద సాటా పోర్టులు కనీసం మూడు ఉండాలి, పవర్ సప్లై నుంచి సాటా పవర్ కనెక్టర్లు మూడు రావాలి. మూడోది ఆపరేటింగ్ సిస్టమ్ వేసే 120 జీబీ ఎస్‌ఎస్‌డీకి. కనెక్టర్ తక్కువైతే పాత మోలెక్స్ నుంచి సాటాకు మార్చే తీగ ఒకటి అంటగడతారు. అందులో ప్లాస్టిక్ ఒకే ముద్దగా పోతపోసిన రకం వద్దు. లోపల తీగలు దగ్గరికి జరిగి కాలిపోయే గుణం దానిది. తీగలు విడివిడిగా గుచ్చి మూత బిగించిన రకమే తీసుకోవాలి.

ఇంకో మాట. చాలా డెల్, హెచ్‌పీ డెస్క్‌టాప్‌ల పవర్ సప్లై వాళ్ల సొంత కొలతల్లో, సొంత కనెక్టర్లతో వస్తుంది. అది కాలిపోతే మామూలు అంగట్లో దొరికే ఏటీఎక్స్ పవర్ సప్లై తగలదు. అందుకే ఒకే మోడల్ రెండు కొనమంటాను. ఒకటి తిరుపతి ఆఫీసులో, ఇంకొకటి చిత్తూరు బ్రాంచిలోనో ఇంట్లోనో. రెండోది మామూలుగా రెండో కాపీ దాస్తూ ఉంటుంది. మొదటిది మొరాయిస్తే దీని విడిభాగాలు దానికి సరిపోతాయి, లేదా డిస్కులు విప్పి దీంట్లో పెడితే పని నడిచిపోతుంది.

సర్వర్ల కోసం చేసే ఇంటెల్ జియాన్ ప్రాసెసర్లు రెండేసి ఉన్న, చట్రంలో బిగించే రాక్ సర్వర్లు ఒక్కోసారి డెస్క్‌టాప్ రేటుకే దొరుకుతాయి. చూడగానే ఆశ పుడుతుంది. కానీ లెక్క వెయ్యండి. డెస్క్‌టాప్ టవర్ రెండు డిస్కులతో ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 30 వాట్లు తింటుంది, అంటే ఏడాదికి 263 యూనిట్లు. రాక్ సర్వర్ 150 వాట్లు తింటే 1,314 యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా ఒకదానికి 2,630 రూపాయలు, ఇంకోదానికి 13,140. ఆ తేడాతో ప్రతి ఏడాదీ ఒక డిస్క్ కొనొచ్చు. పైగా దాని చిన్న ఫ్యాన్ల రొద రిసెప్షన్ వెనక గదిలో భరించలేం, దానికి ఏసీ కూడా కావాలి. పాత డెల్ టీ30, హెచ్‌పీ మైక్రోసర్వర్ లాంటి చిన్న సర్వర్లు మంచి స్థితిలో దొరికితే మాత్రం వదలకండి. వాటిలో తన తప్పులను తానే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ పడుతుంది, కరెంటూ తక్కువే.

ర్యామ్ 16 జీబీ ఉంటే ట్రూనాస్ అనే స్టోరేజీ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోండి. 8 జీబీయే ఉంటే అలాంటిదే అయిన ఓపెన్‌మీడియావాల్ట్ తేలిగ్గా నడుస్తుంది. రెండూ ఉచితమే, రెండింటినీ బ్రౌజర్ నుంచే నడపొచ్చు. ఓపెన్‌మీడియావాల్ట్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ (దాచిన డేటా పాడైందేమో తానే కనిపెట్టే ఫైల్ సిస్టమ్) కావాలంటే ప్లగిన్ విడిగా వేసుకోవాలి.

ఇన్‌స్టాల్ చేసే ముందు మెషిన్ ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల తెర బయోస్‌లోకి వెళ్లి, కరెంటు పోయి వచ్చాక ఏం చెయ్యాలి అనే సెట్టింగ్‌ను 'ఆన్'కు మార్చండి. డెల్‌లో ఏసీ రికవరీ అని, హెచ్‌పీలో ఆఫ్టర్ పవర్ లాస్ అని ఉంటుంది. ఇది మరిచిపోతే శనివారం రాత్రి కరెంటు పోయి ఆగిన సర్వర్, ఎవరో బటన్ నొక్కేదాకా అలాగే పడుంటుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు కూడా. అదే చేత్తో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ కొత్తది వెయ్యండి. పాత మెషిన్లలో అది అయిపోయి ఉంటుంది. ప్లగ్ తీసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది, ఇప్పుడు పెట్టిన బయోస్ సెట్టింగులూ చెరిగిపోవచ్చు. తేదీ తప్పిన సర్వర్‌లో ఏ బ్యాకప్ ఎప్పటిదో తేల్చుకోవడం నరకం.

డిస్కులు

మిగిల్చిన డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. మెషిన్ మొత్తం రేటు కన్నా ఒక కొత్త నాస్ డిస్క్ (రాత్రింబగళ్లు నడిచే స్టోరేజీ సర్వర్ల కోసం చేసేది) రేటే ఎక్కువ అవుతుంది చాలాసార్లు. అయినా సరే డిస్కులు కొత్తవే కొనండి.

ఎంత సైజు కావాలో ముందు లెక్క వేసుకోండి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ డేటా చిన్న వ్యాపారానికి కొన్ని వందల ఎంబీల నుంచి రెండు మూడు జీబీలు, అంతే. వంద గదుల లాడ్జీ అనుకుందాం. గదికి రోజుకు రెండు గుర్తింపు కార్డుల స్కాన్లు, ఒక్కోటి అర ఎంబీ అంటే రోజుకు 100 ఎంబీ, ఏడాదికి 36 జీబీ చిల్లర. పదేళ్లదీ కలిపి అర టీబీ కూడా కాదు. 2 టీబీ డిస్క్ చాలు, 4 టీబీ అయితే నిశ్చింత. లెక్క తప్పేది సీసీ కెమెరాల దగ్గర. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు రాస్తే రోజుకు 43 జీబీ. ఎనిమిది కెమెరాలు, ముప్పై రోజులు అంటే 10 టీబీ దాటిపోతుంది. కెమెరాల రికార్డింగ్‌ను ఈ సర్వర్‌లోకి రానివ్వకండి. దాని డీవీఆర్‌లో దాన్ని ఉండనివ్వండి. రాత్రింబగళ్లు ఆగకుండా రాసే పని వేరు, లెక్కలు దాచే పని వేరు.

డిస్క్ కొనేటప్పుడు చూడాల్సింది సీఎంఆరా, ఎస్‌ఎంఆరా అని. ఇవి డిస్క్ మీద డేటా రాసే రెండు పద్ధతులు. సీఎంఆర్ డిస్క్‌లో డేటా రాసే గీతలు, అంటే ట్రాకులు, విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్క్‌లో అవి ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒక చోట రాయాలంటే పక్కవాటినీ మళ్లీ రాసుకోవాలి. మామూలు వాడకంలో తేడా తెలియదు. జత డిస్కుల్లో ఒకటి పోయి, కొత్తదాని మీదికి మొత్తం డేటా ఎక్కించే రోజు మాత్రం గంటల్లో అవ్వాల్సిన పని రోజులు పడుతుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆ డిస్క్‌ను సిస్టమ్ బయటికి తోసేస్తుంది. 2020లో డబ్ల్యూడీ రెడ్ డిస్కుల్లో 2 నుంచి 6 టీబీ దాకా కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడి గొడవైంది. ఆ తర్వాతే రెడ్ ప్లస్ అని సీఎంఆర్‌వి విడిగా పేరు పెట్టి అమ్ముతున్నారు. రెడ్ ప్లస్ గానీ, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ గానీ అడగండి. "నాస్ డిస్కే సార్" అన్న మాట చాలదు, మోడల్ నంబరు కంపెనీ సైట్‌లో సరిచూసుకోండి. రెండు డిస్కులు రెండు వేర్వేరు అంగళ్లలో కొంటే ఒకే బ్యాచ్‌వి తగిలే అవకాశం తగ్గుతుంది. ఒకే బ్యాచ్‌వి ఇంచుమించు ఒకే సమయంలో పోయే ప్రమాదం ఉంటుంది.

డిస్క్ చేతికొచ్చిన వెంటనే డేటా ఎక్కించకండి. ముందు డిస్క్ తనను తానే పరీక్షించుకునే స్మార్ట్ లాంగ్ టెస్ట్ నడపండి. 4 టీబీ డిస్క్‌కు ఏడెనిమిది గంటలు పడుతుంది. తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే ప్రోగ్రామ్‌ను రాసి చదివే పద్ధతిలో నడపండి. నాలుగు రకాల నమూనాలు రాసి, రాసినదాన్ని తిరిగి చదువుతుంది. అంటే డిస్క్ మొత్తం మీద ఎనిమిది సార్లు తిరగాలి. ఇంచుమించు రెండున్నర రోజుల పని. ఓపిక పట్టండి. కొరియర్‌లో దెబ్బ తిన్న డిస్క్ ఈ దశలోనే దొరికిపోతుంది, మార్చి ఇమ్మని అడిగే గడువు కూడా ఇంకా మన చేతిలో ఉంటుంది.

ఆ తర్వాత స్మార్ట్ పట్టికలో చూడాల్సినవి నాలుగైదు వరుసలే. 5వ నంబరు, అంటే చెడిపోయి మార్చిన సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న గడులు). 197, చదవలేక వాయిదా వేసినవి. 198, ఇక చదవడానికి వీల్లేదని తేల్చినవి. ఈ మూడూ సున్నా ఉండాలి. 197లో అంకె కనిపించి, వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్ రోజులు దగ్గర పడ్డాయి. 9వ నంబరు డిస్క్ తిరిగిన గంటలు. ఏడాదికి 8,760. కొత్తదని అమ్మిన డిస్క్ మీద వేల గంటలు కనిపిస్తే వెంటనే వెనక్కి ఇచ్చేయండి. ఇక 199 ఉంది, సీఆర్‌సీ తప్పులు, అంటే డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య డేటా వెళ్లేటప్పుడు దొర్లినవి. ఇది పెరిగితే డిస్క్ పోయిందని భయపడి మంచి డిస్క్‌ను పక్కన పడేసేవాళ్లు చాలామంది. దీనికి కారణం చాలావరకు సాటా కేబుల్. వంద రూపాయల కేబుల్ మార్చి చూడండి. పాత అంకె చెరగదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే లెక్క.

రెండు డిస్కులనూ జెడ్‌ఎఫ్‌ఎస్‌లో మిర్రర్‌గా జత కట్టండి. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ ఉంటుంది. నెలకోసారి స్క్రబ్ నడిచేలా పెట్టండి. అది ప్రతి బ్లాకునూ చదివి, చెక్‌సమ్ (డేటా సరిగ్గా ఉందో లేదో చెప్పే లెక్క అంకె) తేడా వస్తే రెండో డిస్క్ నుంచి సరిచేస్తుంది. అయితే మిర్రర్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోనూ ఒక్కసారే పోతుంది. మిర్రర్ పని ఒక డిస్క్ చచ్చినా కౌంటర్ ఆగకుండా చూడటం, అంతవరకే.

కరెంటు, ఎండ, నీళ్లు

మన జిల్లాల్లో సర్వర్లు పోయేది వాడకం ఎక్కువై కాదు. కరెంటు పోవడం కన్నా పోయి వచ్చే క్షణం ఎక్కువ చెరుపు చేస్తుంది. సర్వర్‌కు విడిగా ఒక యూపీఎస్ ఉండాలి, దానికి యూఎస్‌బీ డేటా పోర్టు ఉండాలి. చవక 600 వీఏ మోడళ్లలో చాలావాటికి ఈ పోర్టు ఉండదు, కొనేముందే చూసుకోండి. ఆ పోర్టుకు తీగ కలిపి, నట్ అనే ప్రోగ్రామ్ పెడితే బ్యాటరీ తగ్గగానే సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. పోర్టు లేని యూపీఎస్ బ్యాటరీ అయిపోయేదాకా మోసి, చివరికి ఒక్కసారిగా వదిలేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద పెడతామంటే అందులో యూపీఎస్ మోడ్‌కు స్విచ్ ఉందేమో చూడండి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే సమయానికి కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. జనరేటర్ ఉన్న ఫ్యాక్టరీల్లో ఈ మార్పిడి రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో మీకే తెలుసు.

యూపీఎస్‌లోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మన ఎండలకు రెండు మూడేళ్ల కన్నా ఎక్కువ నిలవదు. మూడు నెలలకోసారి సెలవు పూట గోడ ప్లగ్ తీసి, సర్వర్ సరిగ్గా ఆగుతోందా అని గడియారం పెట్టుకుని చూడండి.

పిడుగుల సంగతి మామిడి తోటల వైపు ఉన్నవాళ్లు గట్టిగా పట్టించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివానలకు ఆఫీసు నుంచి కాటా గదికి గాల్లో లాగిన ల్యాన్ కేబుల్ ఉప్పెనలా వోల్టేజీని లోపలికి తెస్తుంది. స్విచ్ పోతుంది, దాని వెనక మదర్‌బోర్డు పోతుంది. రెండు కట్టడాల మధ్య ఎప్పుడూ ఫైబర్ కేబుల్ వేసి, చెరో చివర ఫైబర్‌ను మామూలు ల్యాన్‌కు మార్చే మీడియా కన్వర్టర్ పెట్టండి. గాజు తీగలో కరెంటు పారదు. కేబుల్‌లో బలానికి ఇనుప తీగ ఉన్న రకం కాకుండా చూసుకోండి. ఎర్తింగ్ కూడా ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి చూడాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు దాటితే దాన్ని సరిచేయించాకే సర్వర్ తగిలించండి.

ఎండాకాలంలో తిరుపతిలో బయటే 42 డిగ్రీలు ఉన్నప్పుడు మూసిన అల్మరాలో పెట్టిన డిస్క్ 55 దాటుతుంది. డిస్క్ వేడి 45 లోపల ఉంచాలి, 50 దాటితే మెయిల్ వచ్చేలా పెట్టాలి. డిస్కుల ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి బిగిస్తే తేడా తెలుస్తుంది. నేల నుంచి కనీసం రెండడుగులు ఎత్తులో పెట్టండి, దుమ్ము తగ్గుతుంది. హోటల్ అయితే వంటింటి గోడకు ఆనించి పెట్టొద్దు, నూనె జిడ్డుతో కలిసిన దుమ్ము హీట్‌సింక్‌కు చాపలా అతుక్కుంటుంది. సెల్లార్‌లో అసలే వద్దు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో ఎన్ని సెల్లార్లు నిండాయో చూశాం. ఆ వానలు చిత్తూరునూ వదల్లేదు. రెండు ఊళ్లలో రెండు కాపీలున్నా రెండూ మొదటి అంతస్తులోనో, ఆపైనో ఉండాలి.

డేటాను ఎలా తీసుకోవాలి

ట్యాలీ తెరిచి ఉండగా డేటా ఫోల్డర్‌ను కాపీ చేస్తే, కొన్ని ఫైళ్లు మార్పుకు ముందువి, కొన్ని తర్వాతవి వస్తాయి. కాపీ అయినట్టే కనిపిస్తుంది, తెరిస్తే కంపెనీ లోడ్ అవ్వదు. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కి, బ్యాకప్ ఎంచుకుని, దారి సర్వర్ ఫోల్డర్‌కు ఇవ్వండి. దానికి తోడు, రాత్రి అందరూ ట్యాలీ మూసేశాక డేటా ఫోల్డర్ మొత్తం కాపీ అయ్యేలా విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టండి. గుమస్తా ట్యాలీ మూయకుండా ఇంటికి వెళ్లే అలవాటు మాన్పించాలి. ఇందులో సాంకేతికం ఏమీ లేదు, చెప్పి చెప్పి చేయించుకోవాలి.

లాడ్జీ, ల్యాబ్, కాటా సాఫ్ట్‌వేర్లలో చాలావాటి అడుగున మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. నడుస్తున్నప్పుడు దాని డేటాబేస్ ఫైలు తాళం వేసి ఉంటుంది, మామూలుగా కాపీ కాదు. ఉచిత ఎక్స్‌ప్రెస్‌లో పనులను వేళకు నడిపే ఏజెంట్ అనే భాగం ఉండదు కాబట్టి వేళకు బ్యాకప్ తీసే పని కూడా దానంతట జరగదు. ఎస్‌క్యూఎల్‌సీఎండీ అనే ప్రోగ్రామ్‌తో బ్యాకప్ ఆదేశం ఇచ్చే రెండు లైన్ల బ్యాచ్ ఫైలు రాసి, టాస్క్ షెడ్యూలర్‌తో నడపాలి. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే డంప్ (మొత్తం డేటా ఒక ఫైలుగా) తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ అనే ఆప్షన్ మరవకండి. ఇన్నోడీబీ రకం పట్టికలకు అది ఒకే క్షణపు చిత్రాన్ని ఇస్తుంది, కౌంటర్ ఆగదు. సీజన్‌లో తోతాపురి లారీలు రాత్రంతా కాటా ఎక్కుతుంటాయి. ఆ రెండు నెలలూ రోజుకోసారి చాలదు, గంటకోసారి తీయండి. తూకం చీటీలు పోతే రైతుకు ఏం లెక్క చెబుతారు?

ఫైళ్లు తెరుచుకోకుండా చేసి డబ్బు అడిగే వైరస్ ర్యాన్సమ్‌వేర్ వస్తే కౌంటర్ సిస్టమ్‌కు మ్యాప్ చేసిన ప్రతి డ్రైవ్‌నూ తాళం వేసేస్తుంది. సర్వర్‌లో అందరూ వాడే ఫోల్డర్, అంటే షేర్, కూడా అందులో ఒకటి. కాబట్టి సర్వర్‌లో గంటకోసారి స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో ఆ చిత్రం) తీసేలా పెట్టండి, రెండు వారాల వరకు ఉంచండి. జెడ్‌ఎఫ్‌ఎస్ స్నాప్‌షాట్‌ను షేర్ వైపు నుంచి మార్చలేరు. ఫైళ్లన్నీ పాడైనా ఒక గంట వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు. ఇది ఫలించాలంటే సర్వర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కౌంటర్ సిస్టమ్ బ్రౌజర్‌లో సేవ్ అయి ఉండకూడదు. ఉంటే లోపలికి వచ్చిన దొంగ స్నాప్‌షాట్లనూ తుడిచేస్తాడు. ఫోల్డర్లు పంచే పద్ధతి ఎస్‌ఎంబీలో ఒకటో వెర్షన్ ఆపేయండి, 2017లో వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ పాకింది దాని దారిలోనే. ఇంటి నుంచి చూసుకోవడానికని రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 తెరిచి పెట్టినవాళ్లు ఈ రోజే మూసేయండి.

నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందంటే సర్వర్‌ను తిట్టే ముందు స్విచ్ చూడండి. 100 మెగాబిట్ల పాత స్విచ్ ఉంటే ఒక టీబీ కాపీకి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. గిగాబిట్ అయితే రెండున్నర గంటలు. స్విచ్ కొత్తదే అయినా కేబుల్‌లో ఎనిమిది తీగలకు నాలుగే బిగించి ఉంటే వేగం 100 దగ్గరే ఆగిపోతుంది.

రెండో చోటు

తిరుపతికీ చిత్తూరుకూ 70 కిలోమీటర్ల దూరం. ఒక ఊళ్లో అగ్గి పడినా, దొంగతనమైనా రెండోది మిగలడానికి అది చాలు. మొదటిసారి మొత్తం డేటాను నెట్ మీద పంపాలని చూడకండి. అప్‌లోడ్ 20 మెగాబిట్లు ఉంటే ఒక టీబీకి నాలుగున్నర రోజులు దాటుతుంది. రెండు మెషిన్లనూ ఒకే గదిలో పెట్టి మొదటి కాపీ పూర్తి చేసి, రెండోదాన్ని బస్సులో తీసుకెళ్లి చిత్తూరులో పెట్టండి. ఆ తర్వాత రోజూ పోయేది మారిన డేటా మాత్రమే, రాత్రి కొన్ని నిమిషాల పని.

ఇక్కడ తగిలే చిక్కు ఒకటుంది. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు బయటినుంచి నేరుగా చేరే ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) ఉండదు. ఒకే ఐపీని చాలామందికి పంచుతారు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ ఎంత చేసినా అవతలినుంచి కనెక్షన్ రాకపోతే కారణం ఇదే. రెండు సర్వర్లలోనూ వాటిని నెట్ మీదుగా కలిపే టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రామ్ పెడితే ఈ అడ్డు తొలగిపోతుంది. లేదంటే నెలకు కొన్ని వందల రూపాయల చిన్న వీపీఎస్ (నెట్‌లో అద్దె సర్వర్) ఒకటి తీసుకుని దాని మీదుగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ నడపొచ్చు.

పంపడానికి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ బాగుంటుంది. పంపే ముందే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మారుస్తుంది, ఒకే ముక్క రెండుసార్లు దాచదు. రోజువారీవి 7, వారంవి 5, నెలవి 12 ఉంచేలా పెట్టుకోండి. అవతలి వైపు రెస్టిక్ బ్యాకప్‌లను అందుకునే రెస్ట్ సర్వర్‌ను అపెండ్ ఓన్లీగా (కొత్తవి చేర్చడమే తప్ప పాతవి చెరపనివ్వకుండా) నడిపితే ఇక్కడి మెషిన్ ఎవరి చేతిలో పడినా అక్కడి పాత బ్యాకప్‌లు తుడవలేరు. పాతవి తీసేసే పని అటువైపు నుంచే చెయ్యాలి. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, తెరిపించగల నాథుడు లేడు. కాగితం మీద రాసి యజమాని బీరువాలో ఒకటి, ఆడిటర్ దగ్గర సీలు వేసిన కవరులో ఒకటి ఉంచండి. లాడ్జీల దగ్గర యాత్రికుల ఆధార్ కాపీలు ఉంటాయి. ఎన్‌క్రిప్షన్ లేకుండా వాటిని ఊరు దాటించడం తప్పు.

క్లౌడ్ వాడొచ్చా? మూడో కాపీగా తప్పకుండా వాడొచ్చు. రేటు చూసేటప్పుడు దాచే రేటు ఒక్కటే చూడకండి, వెనక్కి తెచ్చుకునే రేటూ, సమయమూ చూడండి. అమెజాన్ గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ చాలా చవక. కానీ తిరిగి అడిగితే 12 గంటల నుంచి 48 గంటలు పడుతుంది. 180 రోజుల లోపు తీసేసినా ఆ రోజులన్నిటికీ కట్టాల్సిందే. రోజూ మారే ఫైళ్లు అందులో పెడితే చవక కాస్తా ఖరీదవుతుంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2022 ఆగస్టులో మార్చిన కంపెనీల అకౌంట్ల నిబంధనల ప్రకారం లెక్కల పుస్తకాల బ్యాకప్ ప్రతిరోజూ, భారతదేశంలో ఉన్న సర్వర్‌లోనే ఉండాలి. యూరప్‌లో చవకగా దొరికే స్టోరేజీ ఒక్కటే నమ్ముకుంటే అది కుదరదు. క్లౌడే కావాలంటే అమెజాన్‌కు ముంబయితో పాటు 2022 నవంబరు నుంచి హైదరాబాద్‌లోనూ డేటా సెంటర్లున్నాయి. చిత్తూరులో మీ రెండో డెస్క్‌టాప్ ఉంటే ఆ షరతు అక్కడే తీరిపోతుంది.

నెట్‌తో సంబంధం లేని కాపీ కూడా ఒకటి ఉండాలి. రెండు యూఎస్‌బీ డిస్కులు కొని, ఒక శుక్రవారం ఒకటి, మరుసటి శుక్రవారం ఇంకొకటి తగిలించి కాపీ అయ్యాక ఊడదీసి ఇంటికి తీసుకెళ్లండి. రెండూ ఒకేసారి ఆఫీసులో ఉండకూడదు.

తీసి చూడటం

మూడు నెలలకోసారి బ్యాకప్ నుంచి నిజంగా వెనక్కి తెచ్చి చూడాలి. కౌంటర్ సిస్టమ్ మీద కాదు, వేరే ల్యాప్‌టాప్ మీద. ట్యాలీ కంపెనీని రీస్టోర్ చేసి నిన్నటి క్లోజింగ్ బ్యాలెన్సు, చివరి వోచర్ నంబరు అసలుదానితో పోల్చండి. లాడ్జీ డేటాబేస్ అయితే నిన్న రాత్రి చెకిన్ అయిన చివరి గది కనిపిస్తోందా చూడండి. ఫైలు సైజు చూసి సరిపెట్టుకోవద్దు. డిస్క్ నిండిపోయి సగంలో ఆగిన డంప్ కూడా సైజులో పెద్దగానే కనిపిస్తుంది. రెస్టిక్‌లో చెక్ ఆదేశం వారానికోసారి పెట్టి, ప్రతిసారీ డేటాలో ఐదు శాతం చదివేలా చెబితే చడీచప్పుడు లేకుండా పాడైన ముక్కలు బయటపడతాయి. బ్యాకప్ అయితే మెయిల్ రావడం కాదు, కాకపోతే మెయిల్ రావాలి. మెయిల్ పంపే సర్వరే ఆగిపోతే ఏ మెయిలూ రాదు కాబట్టి, వారానికోసారి ఒక మనిషి వెళ్లి చివరి బ్యాకప్ తేదీ చూసి డైరీలో రాయాలి.

కంపెనీలు లెక్కల పుస్తకాలు 8 ఏళ్లు దాచాలి. జీఎస్‌టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. అంటే మార్చి 31 ముగిశాక, ఆడిట్ పూర్తయ్యాక ఆ ఏటి డేటాను విడిగా ఒక కాపీ తీసి పెట్టాలి. రోజువారీ బ్యాకప్‌లలో అది కలిసిపోకూడదు. ఆ కాపీతో పాటు అప్పటి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్, లైసెన్స్ సీరియల్ నంబరు, ఏ వెర్షనో రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో ఉంచండి. కొత్త ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో తెరుచుకోదు. పాత ట్యాలీ డేటాను కొత్త ట్యాలీలోకి తేవాలంటే మైగ్రేషన్ చెయ్యాలి. లాడ్జీ సాఫ్ట్‌వేర్ అమ్మినవాడు ఆరేళ్ల తర్వాత ఆ వ్యాపారంలో ఉంటాడో లేడో. అందుకే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి బిల్లుల రిజిస్టరు, అతిథుల రిజిస్టరు ఏటా పీడీఎఫ్‌గా, సీఎస్‌వీగా (మామూలు అక్షరాల్లో పట్టిక) కూడా తీసి అదే ఫోల్డర్‌లో వెయ్యండి. ఆ రెండూ ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకుంటాయి.